కమ్యూనిటీ కాలేజీలో జాగ్రఫీ ఎలా చదవాలి: కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ల కోసం

"అక్కా, జాగ్రఫీ అంటే రాజధానులు, నదుల పేర్లు బట్టీ పట్టడమే కదా, దానికి కాలేజీ దేనికి?" ఉగాది పాట్‌లక్‌లో పులిహోర గిన్నె చేతిలో పెట్టుకుని అడిగింది పక్కవీధి అమ్మాయి. దాని వెనకే రోజూ వినే ప్రశ్నలు వచ్చాయి. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద చేరవచ్చా? ఫీజు ఎంత? ముందు ఏ క్లాసు తీసుకోవాలి? లెక్కలు రాకపోతే కష్టమా? ఉద్యోగం వస్తుందా?

నేను బే ఏరియాలో హెచ్-4 మీద ఉన్నప్పుడు కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసు ఒకటి తీసుకుని, అక్కడి నుంచి జీఐఎస్ (కంప్యూటర్ మీద మ్యాపులు తయారుచేసి, వాటితో లెక్కలు తేల్చే విద్య) సర్టిఫికెట్ దాకా చదివాను. చేసిన తప్పులకు లెక్కలేదు. అడిగిన ప్రతివాళ్లకూ ఫోన్లో చెప్పడం కంటే ఒకసారి రాసేస్తే పోతుందని కూర్చున్నాను. ఇది కాలిఫోర్నియాకే వర్తిస్తుంది. వేరే రాష్ట్రాల్లో ఫీజులు, పేర్లు, నియమాలు వేరుగా ఉంటాయి.

ముందు చేతిలో ఉండాల్సినవి

- వీసా కాగితాలు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు
- కాలిఫోర్నియాలో ఏడాదికి పైగా ఉంటున్నట్టు రుజువులు: ఇంటి లీజు, రాష్ట్ర పన్ను రిటర్ను, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు
- ఇండియాలో చదివిన డిగ్రీ ఉంటే మార్కుల మెమోలు
- సెంటీమీటర్లు, అంగుళాలు రెండూ ఉన్న స్కేలు, పెన్సిల్, మామూలు కాలిక్యులేటర్
- విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే మంచిది. ఎందుకో జీఐఎస్ దగ్గర చెబుతాను.

1. ఎందుకు చదువుతున్నారో తేల్చుకోండి

వచ్చేవాళ్లు మూడు రకాలు. హైస్కూల్ అయిపోయి, రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీకి మారాలనుకునే పిల్లలు. డిగ్రీకి కావలసిన జనరల్ ఎడ్యుకేషన్‌లో ఒక సైన్స్ క్లాసు పూర్తి చేసుకోవాలనుకునేవాళ్లు. ఇండియాలో బీటెక్కో ఎమ్మెస్సీయో చేసి, ఇక్కడ పనికొచ్చే విద్య ఒకటి నేర్చుకోవాలనుకునేవాళ్లు.

మూడో రకంవాళ్లు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ జోలికి వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. ఒక ఫిజికల్ జాగ్రఫీ క్లాసు, ఆపైన జీఐఎస్ సర్టిఫికెట్ చాలు. ఉన్న డిగ్రీ మీద మళ్లీ చిన్న డిగ్రీ చేస్తే డబ్బూ టైమూ దండగ.

2. రెసిడెన్సీ సంగతి చూసుకుని దరఖాస్తు చేయండి

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఫీజు యూనిట్ల లెక్కన కడతాం, యూనిట్ అంటే క్లాసు బరువును చెప్పే క్రెడిట్. కాలిఫోర్నియా రెసిడెంట్లకు సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు, క్వార్టర్ పద్ధతి ఉన్న కాలేజీల్లో 31. అంటే 3 యూనిట్ల క్లాసుకు 138 డాలర్లు, దాని మీద హెల్త్ ఫీజులాంటి చిల్లర ఖర్చులు. రెసిడెంట్ కాకపోతే ప్రతి యూనిట్ మీదా వందల డాలర్లు అదనంగా పడతాయి.

క్లాసులు మొదలయ్యే నాటికి ఏడాదీ ఒక రోజూ కాలిఫోర్నియాలో ఉండి, ఇక్కడే ఉండే ఉద్దేశం కాగితాల మీద చూపించగలిగితే రెసిడెంట్ కింద లెక్క. హెచ్-1, హెచ్-4, ఎల్-1, ఎల్-2 వాళ్లకు ఈ అవకాశం ఉంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసావాళ్లకు ఎన్నేళ్లున్నా లేదు. అమ్మానాన్న బీ-2 మీద వచ్చి ఆరు నెలలు ఖాళీగా ఉన్నారని యూనిట్లు వచ్చే క్లాసులో చేర్పించకండి, వీసా నిబంధనలు ఒప్పుకోవు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఉచితం. అందులో ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడిగేచోట తొందరపడకండి. తెలిసినావిడ ఒకరు "అదర్" అని నొక్కేసి, మూడో వారంలో పెద్ద బిల్లు చూసి కంగారుపడింది. లీజు, పన్ను రిటర్ను పట్టుకెళ్లి సరిచేయించుకోవడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది.

సరిచూసుకోవడం ఎలా: అడ్మిషన్ వచ్చాక పోర్టల్‌లో మీ పేరు కింద రెసిడెన్సీ ఏమని ఉందో చూడండి. "నాన్ రెసిడెంట్" అని ఉంటే క్లాసులు మొదలవకముందే అడ్మిషన్స్ ఆఫీసుకు వెళ్లండి. ఆదాయం తక్కువగా ఉన్న రెసిడెంట్లకు కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ కింద యూనిట్ ఫీజు మాఫీ అవుతుంది. మీ వీసాకు అది వర్తిస్తుందో లేదో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి.

వీసాల మీద ఇంకో రెండు మాటలు. హెచ్-4 మీద ఒక్క క్లాసైనా తీసుకోవచ్చు, వీసా మార్చుకోనక్కర్లేదు. కానీ ఈఏడీ (పని చేసుకోవడానికి అనుమతి కార్డు) లేకపోతే జీతమొచ్చే ఇంటర్న్‌షిప్, లైబ్రరీలో గంటల లెక్క పని, ఏదీ కుదరదు. ఎఫ్-1 మీద అయితే సెమిస్టర్‌కు 12 యూనిట్లు తప్పనిసరి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒకటే లెక్కలోకి వస్తుంది.

3. క్లాసుల వరుస: చివర నుంచి మొదటికి రండి

యూనివర్సిటీకి మారే ఉద్దేశం ఉంటే కాలేజీ క్యాటలాగ్ తెరవకముందు అసిస్ట్ డాట్ ఆర్గ్ తెరవండి. మీ కాలేజీ ఒకవైపు, మీరు వెళ్లాలనుకునే యూనివర్సిటీ ఇంకోవైపు పెడితే, ఇక్కడి ఏ క్లాసు అక్కడ దేనికి సమానమో పక్కపక్కనే చూపిస్తుంది. బర్కిలీ, యూసీఎల్ఏ, శాంటా బార్బరా, మూడింటిలోనూ జాగ్రఫీ మేజర్ ఉంది. మూడూ అడిగేవి ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల స్టాటిస్టిక్స్, కాల్క్యులస్ కూడా అడుగుతారు.

సాధారణంగా వరుస ఇదీ:

- ఫిజికల్ జాగ్రఫీ, దాని ల్యాబ్. రాష్ట్రమంతటా వాడే సీ-ఐడీ నంబర్లలో ఇవి జీఈఓజీ 110, 111.
- హ్యూమన్ జాగ్రఫీ, జీఈఓజీ 120
- వరల్డ్ రీజనల్ జాగ్రఫీ, జీఈఓజీ 125
- ఇంట్రడక్షన్ టు జీఐఎస్, జీఈఓజీ 155

కాలేజీ సొంత నంబరు వేరుగా ఉన్నా క్యాటలాగ్‌లో ఈ సీ-ఐడీ పక్కనే కనిపిస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు: ఫిజికల్ జాగ్రఫీ లెక్చర్ తీసుకుని, ల్యాబ్ "తర్వాత చూద్దాం" అని వదిలేయడం. తర్వాతి సెమిస్టర్‌లో ల్యాబ్ టైమింగ్ కుదరదు, ఆపాటికి కాంటూర్లు (మ్యాప్ మీద ఒకే ఎత్తును కలిపే గీతలు) మర్చిపోతారు. రెండూ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోండి.

కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (సీఎస్‌యూ)కి మారేవాళ్లు "అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్" గురించి కౌన్సెలర్‌ను అడగండి. 60 సెమిస్టర్ యూనిట్లతో అది పూర్తిచేస్తే సీఎస్‌యూ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. ఫలానా క్యాంపస్సే వస్తుందన్న హామీ మాత్రం లేదు, ఈ తేడా చాలామంది చివర్లో తెలుసుకుంటారు. యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో) డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్‌లకు ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) అనే హామీ పద్ధతి ఉంది. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలకు లేదు. 2025 ఫాల్ నుంచి చేరినవాళ్లకు జనరల్ ఎడ్యుకేషన్ పద్ధతి కాల్-జెట్‌సీ. అంతకు ముందు చేరిన అన్నయ్యో అక్కో ఇచ్చిన పాత లిస్టు పట్టుకుని క్లాసులు ఎంచుకోకండి.

4. సీటు దొరకకపోతే

వెయిట్‌లిస్టులో పేరు పెట్టి, మొదటి క్లాసుకు వెళ్లి కూర్చోండి. రానివాళ్లను లెక్చరర్లు మొదటి వారంలోనే తీసేస్తారు, ఆ ఖాళీలకు యాడ్ కోడ్ ఇస్తారు. కోడ్ వచ్చాక గడువులోగా పోర్టల్‌లో ఎక్కించాల్సింది మీరే. కోడ్ చేతిలో ఉంటే చేరినట్టు కాదు. ఆన్‌లైన్ క్లాసు అయితే మొదటి రెండు మూడు రోజుల్లో కాన్వాస్ అనే క్లాసు వెబ్‌సైటులోకి వెళ్లి పరిచయం రాయండి. లాగిన్ కాకపోతే మీ సీటు ఇంకొకరికి పోతుంది.

పుస్తకం కొనే ముందు షెడ్యూల్‌లో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ గుర్తు ఉన్న సెక్షన్ ఉందేమో చూడండి.

5. సిలబస్ కాగితాన్ని క్యాలెండర్‌లోకి ఎక్కించండి

మన దగ్గర ఏడాదంతా చదవకపోయినా చివరి పది రోజులు కూర్చుంటే గట్టెక్కుతాం. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. మార్కులు వారం వారం ల్యాబులు, క్విజ్‌లు, డిస్కషన్ పోస్టులకు పంచేసి ఉంటాయి. ఫైనల్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నా, నాలుగు ల్యాబులు ఎగ్గొడితే గ్రేడ్ కిందికి జారుతుంది.

మొదటి రోజే సిలబస్‌లోని ప్రతి గడువునూ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ముఖ్యంగా రెండు తేదీలు: డబ్బు వెనక్కి వచ్చేలా క్లాసు వదిలేయడానికి ఆఖరి రోజు, "డబ్ల్యూ"తో (గ్రేడ్ బదులు విత్‌డ్రా అని రికార్డులో పడేలా) వదిలేయడానికి ఆఖరి రోజు. యూనిట్‌కు వారానికి మూడు గంటల పని ఉంటుందని లెక్కేసుకోండి. మూడు యూనిట్లంటే క్లాసుతో కలిపి తొమ్మిది గంటలు. చంటిపిల్లలున్న ఇంట్లో తొమ్మిది గంటలు దొరకడం చిన్న విషయం కాదు. మొదటి సెమిస్టర్‌లో ఒక్క క్లాసుతో సరిపెట్టుకోండి.

6. ల్యాబ్: అసలు జాగ్రఫీ ఇక్కడే

చేత్తో మ్యాప్ మీద కొలవడం, గీయడం, సరిచూసుకోవడం. మొదటి నెలలో అందరూ తడబడేవి మూడు.

*స్కేలు.* అమెరికా భూగర్భ సర్వే వాళ్ల టోపో మ్యాపులు ఎక్కువగా 1:24,000లో ఉంటాయి. మ్యాప్ మీద ఒక అంగుళం నేల మీద 2,000 అడుగులు, ఒక సెంటీమీటర్ 240 మీటర్లు. 1:10,00,000 పెద్ద అంకె కాబట్టి పెద్ద స్కేలు అనుకుంటారు. తిరకాసు అక్కడే. అది చిన్న స్కేలు, 1:24,000 పెద్ద స్కేలు. ఇంకో పొరపాటు: పీడీఎఫ్‌ను స్క్రీన్ మీద జూమ్ చేసి స్కేలుబద్దతో కొలవడం. జూమ్ చేసినా, ప్రింటులో కుదించినా ఆ నిష్పత్తి చెల్లదు. మ్యాప్ అడుగున గీసిన బార్ స్కేలు మాత్రం బొమ్మతోపాటే పెరిగి తరుగుతుంది, దాంతోనే కొలవండి.

*కాంటూర్ గీతలు.* మనం బడిలో సమోన్నత రేఖలు అని చదువుకున్నవే. ప్రతి ఐదో గీత మందంగా ఉండి దానిమీద ఎత్తు రాసి ఉంటుంది. నీటిపాయను దాటేచోట గీత "వి" ఆకారంలో వంగుతుంది. ఆ కొన నీరు వచ్చే వైపుకు, అంటే ఎగువకు చూపిస్తుంది. క్లాసులో సగంమంది దిగువకు అని రాస్తారు. సరిచూసుకోవడం తేలిక: పాయ వెంట రెండు మందపు గీతల మీది అంకెలు చదవండి, తక్కువ అంకె ఉన్నవైపే నీరు పారుతుంది.

*వాలు.* ఇక్కడ నేను బోల్తాపడ్డాను. ఎత్తు తేడా 800 అడుగులు, మ్యాప్ మీద దూరం 2 అంగుళాలు. నేల మీద అది 4,000 అడుగులు, కాబట్టి వాలు 20 శాతం. నేనేమో దూరాన్ని మీటర్లలోకి మార్చి 1,219 అని వేసుకుని, ఎత్తును అడుగుల్లోనే ఉంచేశాను. 66 శాతం వచ్చింది. నవ్వకుండా అదే రాసిచ్చాను. శాన్ ఫ్రాన్సిస్కోలో కారు వెనక్కి పల్టీ కొడుతుందేమో అనిపించే ఫిల్బర్ట్ స్ట్రీట్ వాలే 31.5 శాతం. మీ జవాబు దాన్ని దాటితే కొండ కంటే ముందు మీ కొలమానాలను అనుమానించండి.

ఆ తర్వాత వచ్చే సూర్యుడి ఎత్తు లెక్క మనవాళ్లను ఇంకోరకంగా దెబ్బతీస్తుంది. సూత్రం చిన్నదే: 90లోంచి మీ అక్షాంశానికీ ఆ రోజు సూర్యుడు నడినెత్తిన ఉండే అక్షాంశానికీ మధ్య తేడా తీసేయాలి. శాన్ హోసే 37.3 డిగ్రీల ఉత్తరం. జూన్ 21న సూర్యుడు 23.5 డిగ్రీల ఉత్తరాన ఉంటాడు. తేడా 13.8, మిట్టమధ్యాహ్నం ఎత్తు 76.2 డిగ్రీలు. డిసెంబర్ 21న సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి తేడా 37.3 కూడిక 23.5, అంటే 60.8. ఎత్తు 29.2. కూడాల్సినచోట తీసివేయడం ఇక్కడి మామూలు తప్పు. అర్ధగోళాలు వేరైతే కూడిక, ఒకటే అయితే తీసివేత.

హైదరాబాద్ మీద అలవాటుగా చేసి చూడండి. అక్షాంశం 17.4. మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. జూన్ 21న ఉత్తరం వైపుకు వాలి 83.9 డిగ్రీల్లో ఉంటాడు. కాలిఫోర్నియాలో మాత్రం ఏ రోజూ నెత్తి మీదికి రాడు. మీ జవాబు ఇక్కడ 90కి దగ్గరగా వస్తే లెక్క తప్పినట్టే.

7. పరీక్షకు ఎలా చదవాలి

తెలుగు మీడియంలో చదివామని బెంగపడేవాళ్లకు చెబుతున్నాను, ఇక్కడ అది మీకు బలం. నోట్‌బుక్‌లో రెండు వరసలు గీసి, ఇంగ్లీషు మాట ఒకవైపు, తెలుగు మాట ఇంకోవైపు రాయండి. పర్వతీయ వర్షపాతం, వర్షచ్ఛాయా ప్రాంతం అన్నవి మనకు పదో తరగతిలోనే తెలుసు. పడమటి కనుమలు నైరుతి గాలిని అడ్డుకుంటే అనంతపురం ఎండిపోయినట్టే, సియెర్రా నెవాడా పసిఫిక్ గాలిని అడ్డుకుంటే అవతల డెత్ వ్యాలీ ఎండిపోతుంది. పరీక్షలో ఆ రెండో ఉదాహరణను బొమ్మ గీసి, గాలి ఎటు వస్తోందో బాణం పెట్టి రాస్తే మార్కులు పడతాయి.

ఒక్కచోట మాత్రం మన అలవాటు ఎదురు తిరుగుతుంది. వానాకాలం అంటే జూన్ అని మన బుర్రలో నాటుకుపోయింది. శాన్ ఫ్రాన్సిస్కో వాతావరణ గ్రాఫ్ ఇస్తే వర్షపు కడ్డీలు డిసెంబర్, జనవరుల్లో పొడుగ్గా, జులైలో దాదాపు సున్నాగా ఉంటాయి. అది చూసి "దక్షిణార్ధగోళం" అని రాసేస్తారు. అర్ధగోళం తేల్చేది ఉష్ణోగ్రత గీత, వాన కాదు. ముందు గీత చూడండి, తర్వాత కడ్డీలు.

ఖాళీ మ్యాపు క్విజ్‌లు వరల్డ్ రీజనల్ క్లాసులో ఉంటాయి. చూసి చదివితే నిలవవు. తెల్లకాగితం మీద చేత్తో రూపురేఖ గీసి పేర్లు పెట్టండి, వంకరగా వచ్చినా ఫర్వాలేదు. డిస్కషన్ పోస్టులు ఏఐతో రాయించి పెట్టకండి. మీరు తిరిగిన వీధి గురించి అడిగిన ప్రశ్నకు ఊరూపేరూ లేని జవాబు వస్తే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఫీల్డ్ ట్రిప్ ఉంటే ఎగ్గొట్టవద్దు. ఫ్రీమాంట్, హేవర్డ్‌ల కింద నుంచి వెళ్లే హేవర్డ్ ఫాల్ట్ భూకంపం రాకపోయినా ఏడాదికి 5 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతూనే ఉంటుంది. పేవ్‌మెంటు అంచు రెండుగా తెగి పక్కకు జరిగి ఉండటం కళ్లారా చూశాక, రోజూ పాలప్యాకెట్ కోసం నడిచే దారి మీద గౌరవం పెరిగింది నాకు.

8. జీఐఎస్ క్లాసు: ఇక్కడ జాగ్రత్త

క్లాసులో వాడే సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్ మీదే నడుస్తుంది. మ్యాక్ ఉంటే కాలేజీ ల్యాబ్‌లో కూర్చోవాలి, లేదా కాలేజీ రిమోట్ డెస్క్‌టాప్ ఇస్తుందేమో కనుక్కోవాలి. ఇంట్లో సాధనకు అలాంటిదే క్యూజీఐఎస్ ఉచితం, మ్యాక్ మీద కూడా నడుస్తుంది. ఆర్క్‌జీఐఎస్ ప్రో లైసెన్సు విద్యార్థులకు కాలేజీ ద్వారానే వస్తుంది, సొంతంగా కొనకండి.

మొదటి ప్రాజెక్టులో ఫ్రీమాంట్‌లోని ఇండియన్ కిరాణా షాపులన్నీ మ్యాప్‌లో పెట్టాను. ఒక్క చుక్కా కనిపించలేదు. మ్యాప్‌ను పూర్తిగా వెనక్కి జూమ్ చేస్తే అన్నీ చైనాలో, వేహాయ్ నగరం దగ్గర కుప్పగా ఉన్నాయి. రేఖాంశం ముందు మైనస్ పెట్టలేదు, అంతే. పశ్చిమ రేఖాంశానికి మైనస్ తప్పనిసరి, ఇండియాలో తూర్పు రేఖాంశాలు రాసి రాసి మనకు ఆ ధ్యాసే ఉండదు. నాతోపాటు చదివిన అబ్బాయి హైదరాబాద్ బిర్యానీ హోటళ్లు పెడుతూ అక్షాంశం, రేఖాంశం గళ్లు తారుమారు చేశాడు. 78.5 ఉత్తరం, 17.4 తూర్పు. హోటళ్లన్నీ స్వాల్‌బార్డ్ మంచుకొండల్లో తేలాయి.

డేటా ఎక్కించగానే ఇవి చూడండి:

- చుక్కలు ఎక్కడ పడ్డాయి? ఆఫ్రికా పక్కన సముద్రంలో, సున్నా సున్నా దగ్గర పడితే మీ పట్టికలో ఖాళీ గళ్లున్నాయి.
- మ్యాప్ డేటా దాచే షేప్‌ఫైల్ అంటే ఒక ఫైలు కాదు. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే అన్నీ కలిసి ఉండాలి. మొదటిదొక్కటే ఈమెయిల్ చేస్తే అవతలివాళ్లకు తెరుచుకోదు. ఫోల్డర్ మొత్తం జిప్ చేయండి.
- కౌంటీల పట్టికను ఎక్సెల్‌లో తెరిస్తే అలమీడా కౌంటీ కోడ్ 06001 కాస్తా 6001 అవుతుంది. ముందున్న సున్నా పోతే రెండు పట్టికలు కలవవు. ఎక్సెల్‌లోకి తెచ్చుకునేటప్పుడే ఆ వరసను టెక్స్ట్‌గా ఎంచుకోండి, తెరిచాక మారిస్తే పోయిన సున్నా తిరిగి రాదు.
- విస్తీర్ణం కొలిచే ముందు ప్రాజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాప్‌గా పరిచే పద్ధతి) చూడండి. ఫోన్ మ్యాపుల్లో వాడే వెబ్ మెర్కేటర్‌లోనే కొలిస్తే బే ఏరియాలో పార్కు అసలు కంటే దాదాపు 60 శాతం పెద్దదిగా వస్తుంది. విస్తీర్ణం చెడని కాలిఫోర్నియా ఆల్బర్స్ ప్రాజెక్షన్‌లోకి మార్చి కొలవండి.

సరైన జవాబో కాదో తేల్చుకోవాలంటే, విస్తీర్ణం ముందే తెలిసిన పార్కునో మీ కౌంటీనో కొలిచి చూడండి. అది సరిపోతే మిగతావి నమ్మవచ్చు.

ఉద్యోగం మాటకొస్తే, నగరపాలక సంస్థలు, నీటి సరఫరా, కరెంటు సంస్థలు, పర్యావరణ కన్సల్టెన్సీలు జీఐఎస్ వచ్చినవాళ్లను తీసుకుంటాయి. సర్టిఫికెట్ కంటే మీరు చేసిన రెండు మూడు మ్యాపులు ఎక్కువ మాట్లాడతాయి. పైథాన్ తెలిసిన ఐటీవాళ్లకు ఇక్కడ తేలిక.

9. మారే ముందు తేదీలు

ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు. యూసీ దరఖాస్తు ఆగస్టు 1న తెరుచుకుంటుంది, పంపించడం అక్టోబర్ 1 నుంచి. ముగింపు తేదీ ఆ ఏడాది సైటులో చూసుకుని, దానికి వారం ముందే పంపించండి. క్వార్టర్ కాలేజీలో చదివితే యూనిట్లను మూడింట రెండు వంతులు చేసి సెమిస్టర్‌లోకి మార్చాలి: 90 క్వార్టర్ యూనిట్లు 60 సెమిస్టర్ యూనిట్లకు సమానం. రెండు కాలేజీల్లో క్లాసులు తీసుకున్నవాళ్లు ఇక్కడే లెక్క తప్పుతారు. సీటు వచ్చాక చివరి ట్రాన్స్‌క్రిప్టులు జులై 1లోగా యూసీకి చేరాలి, చదివిన ప్రతి కాలేజీ నుంచీ విడివిడిగా. వేసవిలో ఒకే ఒక క్లాసు తీసుకున్న కాలేజీని మర్చిపోకండి.